తడ – పులికాట్ తీరం: భౌగోళిక స్వరూపం, సంస్కృతి, ఆర్థిక జీవనం

సారాంశం

ఆంధ్రప్రదేశ్ దక్షిణ సరిహద్దున ఉన్న తడ మండలం, దానికి తూర్పున విస్తరించిన పులికాట్ సరస్సు ఒకే జలవ్యవస్థకు చెందినవి. ఇక్కడి నేల, పంట, చేప, పక్షి, మనిషి జీవనం అన్నీ ఉప్పునీటికి, మంచినీటికి మధ్య ఏటా కుదిరే సమతౌల్యంపై ఆధారపడి ఉన్నాయి. ఈశాన్య ఋతుపవనాల వాన, సరస్సును సముద్రంతో కలిపే ముఖద్వారాలు ఈ సమతౌల్యాన్ని నిర్ణయిస్తాయి. ముఖద్వారాలు ఇసుకతో పూడుకుపోవడం, తీరప్రాంత భూగర్భ జలంపై ఒత్తిడి పెరగడం, పారిశ్రామికీకరణతో జీవనోపాధులు మారడం నేటి ప్రధాన సమస్యలు. ఈ ప్రాంత భౌగోళిక, సాంస్కృతిక, ఆర్థిక స్వరూపాన్ని వివరించి, విస్తరణ శాస్త్రవేత్తలు గమనించవలసిన అంశాలను సూచించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: పులికాట్ సరస్సు, తడ, లవణీయత, దొరువు, పాడు పద్ధతి, యానాదులు, తీరప్రాంత వ్యవసాయం

ఉపోద్ఘాతం

ఉష్ణమండల ఆసియా తీరాల్లో ఉప్పునీటి కయ్యలు అనేకం ఉన్నాయి. ఒడిశాలోని చిలికా, శ్రీలంకలోని నెగొంబో, పుత్తళం కయ్యలు వీటిలో ప్రసిద్ధమైనవి. నది తెచ్చే మంచినీరు, సముద్రం నుండి వచ్చే ఉప్పునీరు కలిసే ఈ లోతులేని జలాశయాల చుట్టూ చేపల వేట, వరి సాగు, చిన్న ఓడరేవుల వాణిజ్యం శతాబ్దాలుగా పెనవేసుకొని పెరిగాయి. మనదేశంలో చిలికా తరువాత రెండవ పెద్ద ఉప్పునీటి సరస్సుగా పేర్కొనే పులికాట్ ఈ కోవకు చెందినదే. సరస్సులో అధికభాగం ఆంధ్రప్రదేశ్‌లోనూ, దక్షిణపు కొస తమిళనాడులోనూ ఉన్నది.

పులికాట్ అనగానే సాధారణంగా విదేశీ పక్షులు, శ్రీహరికోట రాకెట్లు గుర్తుకు వస్తాయి. సరస్సు ఒడ్డున సేద్యం చేసే రైతు, సరస్సులో వల వేసే మత్స్యకారుడు అంతగా గుర్తుకు రారు. వీరిద్దరి సమస్యలను వేర్వేరు శాఖలు వేర్వేరుగా చూస్తున్నప్పటికీ, వాటి మూలం మాత్రం ఒకే నీటిలో ఉన్నది. ఆ నీటి నడకను అర్థం చేసుకోకుండా ఇచ్చే సలహా ఏదైనా ఈ ప్రాంతంలో సగమే ఫలిస్తుంది.

ఉనికి – భౌగోళిక స్వరూపం

తడ, చెన్నైకి ఉత్తరాన సుమారు 70 కిలోమీటర్ల దూరంలో, చెన్నై – కోల్‌కతా జాతీయ రహదారి 16 పైన, చెన్నై – గూడూరు రైలుమార్గంలో ఉన్నది. చిరకాలం నెల్లూరు జిల్లాలో భాగంగా ఉండి, 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో తిరుపతి జిల్లాలో చేరింది. పరిపాలన మారినా తీరం, వాతావరణం, పంటల సరళి దృష్ట్యా ఇది నెల్లూరు తీరానికి కొనసాగింపే. దక్షిణాన తమిళనాడులోని ఆరంబాకం, పడమట వరదయ్యపాలెం, సత్యవేడు మండలాలు, ఉత్తరాన సూళ్లూరుపేట దీనికి ఇరుగుపొరుగులు.

పడమటి నుండి తూర్పుకు నడిస్తే నేల స్వరూపం మూడు పట్టీలుగా కనిపిస్తుంది. మొదటిది తూర్పు కనుమల అంచు. ఉబ్బలమడుగు జలపాతం ఈ కొండల్లోనే ఉన్నది. పర్యాటకులు దానిని తడ జలపాతం అని కూడా పిలుస్తారు. రెండవది చెరువుల ఆయకట్టుతో కూడిన మెరక, మాగాణి భూముల పట్టీ. మూడవది సరస్సు అంచున ఉన్న చవిటి, ఇసుక భూములు. వాటికి ఆవల సరస్సు, దానికి ఆవల శ్రీహరికోట దీవి, ఆ తరువాతే బంగాళాఖాతం. ఈ దీవి అడ్డుగోడలా నిలిచి సరస్సును సముద్రం నుండి వేరు చేస్తున్నది.

సరస్సు ఉత్తర దక్షిణాలుగా సుమారు 60 కిలోమీటర్ల పొడవున వ్యాపించి ఉన్నది. వెడల్పు కొన్నిచోట్ల కొద్ది వందల మీటర్లు మాత్రమే కాగా, కొన్నిచోట్ల 17 కిలోమీటర్లు దాటుతుంది. సగటు లోతు మీటరుకు అటూ ఇటూ మాత్రమే. అందువల్ల నీటిమట్టం కొద్దిగా పెరిగినా, తగ్గినా నీరు పరచుకునే విస్తీర్ణం ఎంతో మారిపోతుంది. నీరు నిండుగా ఉన్నప్పుడు సుమారు 450 చదరపు కిలోమీటర్లుగా చెప్పే విస్తీర్ణం, నీరు తగ్గినప్పుడు 250 చదరపు కిలోమీటర్లకు కుంచించుకుపోతుంది. మండు వేసవిలో ఉత్తర భాగం ఎండి, మైళ్ళ కొద్దీ బురదమేటగా, ఉప్పు పేరిన బయలుగా మారుతుంది.

సూళ్లూరుపేట మీదుగా వచ్చే కాళంగి నది, దక్షిణ కొసన ఆరణి నది సరస్సుకు మంచినీటిని తెస్తాయి. ఉత్తరాన స్వర్ణముఖి ప్రభావం ఉన్నది. ఇవన్నీ వానకాలపు నదులే. ఏడాదిలో అధికభాగం వాటిలో ప్రవాహం ఉండదు. సరస్సు లోపల ఇరకం, వేనాడు వంటి దీవి గ్రామాలు ఉన్నాయి. ఇరకం వాసులకు భీములవారిపాలెం పడవల రేవు ద్వారానే బయటి ప్రపంచంతో ప్రధాన సంబంధం. నీరు తగ్గి పడవ అడుగు బురదకు తగిలే కాలంలో రోగిని ఒడ్డుకు చేర్చడం, పిల్లలు బడికి రావడం కూడా కష్టమవుతాయి.

ఋతుచక్రం – లవణీయతలో మార్పులు

రాష్ట్రంలోని అత్యధిక ప్రాంతాలకు నైరుతి ఋతుపవనాలే ఆధారం కాగా, నెల్లూరు తీరానికి ఈశాన్య ఋతుపవనాలు ప్రధానం. ఏటా సుమారు 1,000 నుండి 1,100 మిల్లీమీటర్లు కురిసే వానలో సగానికి పైగా అక్టోబరు – డిసెంబరు నెలల్లోనే పడుతుంది. ఈ వాన చాలావరకు వాయుగుండాలు, తుఫానుల రూపంలో వస్తుంది గనుక, కొద్ది రోజుల్లోనే ఏడాది నీరంతా వచ్చిపడుతుంది. 1984 నవంబరులో శ్రీహరికోట సమీపంలో తీరం దాటిన తుఫాను, 2015 నవంబరులో నెల్లూరు జిల్లాను ముంచెత్తిన వరదలు, 2023 డిసెంబరు మొదటివారంలో వచ్చిన మిచౌంగ్ తుఫాను ఇందుకు ఉదాహరణలు.

వరద కాలంలో నది ముఖాల వద్ద సరస్సు నీరు దాదాపు మంచినీరే. జనవరి తరువాత వాన ఆగి, ఎండ పెరిగేకొద్దీ నీరు చిక్కబడుతుంది. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. పులికాట్‌లో వేసవి చివరన ఇది 50 గ్రాములకు పైగా నమోదైన సందర్భాలున్నాయి. అంటే సరస్సు సముద్రం కంటె ఉప్పగా మారుతుంది.

దీనికి కారణం సరళమైన లెక్కతో తెలుస్తుంది. ఒక మీటరు లోతున్న నీటిలో లీటరుకు 20 గ్రాముల లవణాలు ఉన్నాయని, ముఖద్వారం మూసుకుపోయిందని, రోజుకు 6 మిల్లీమీటర్ల చొప్పున నీరు ఆవిరవుతున్నదని అనుకుందాం. నూరు రోజుల్లో 60 సెంటీమీటర్ల నీరు పోతుంది. మిగిలిన 40 సెంటీమీటర్లలో మొత్తం లవణం అలాగే ఉంటుంది కనుక లీటరుకు 50 గ్రాములవుతుంది. ముఖద్వారం తెరచి ఉంటే పోటు నీరు లోపలికి వచ్చి ఈ సాంద్రతను తగ్గిస్తుంది. అందువల్ల ముఖద్వారం స్థితి సరస్సు ఆరోగ్యానికి నాడి వంటిది.

ముఖద్వారాల పూడిక

పులికాట్‌ను సముద్రంతో కలిపే మార్గాల్లో దక్షిణాన తమిళనాడులోని పళవేర్కాడు వద్ద ఉన్నది ముఖ్యమైనది. ఆంధ్ర వైపున వాకాడు మండలంలో రాయదొరువు, కొండూరుపాలెం ముఖద్వారాలు ఉన్నాయి. తీరం వెంబడి అలలు ఇసుకను నిరంతరం మోసుకుపోతూ ఉంటాయి. ఏడాదిలో ఎక్కువ నెలలు ఈ ఇసుక దక్షిణం నుండి ఉత్తరానికి, ఈశాన్య ఋతుపవనాల కాలంలో ఉత్తరం నుండి దక్షిణానికి కదులుతుంది. మొత్తం మీద ఉత్తరం వైపు కదలికదే పైచేయి. నదీ ప్రవాహం బలంగా ఉన్నప్పుడు ఈ ఇసుకను నెట్టివేసి దారి చేసుకుంటుంది. ప్రవాహం సన్నగిల్లగానే ఇసుక దిబ్బ ఏర్పడి దారి మూసుకుపోతుంది.

ఎగువన చెరువులు, ఆనకట్టలు, ఎత్తిపోతలు పెరిగేకొద్దీ సరస్సుకు చేరే వరద తగ్గుతుంది. వరద తగ్గితే ముఖద్వారాన్ని తెరచే శక్తీ తగ్గుతుంది. కొండల్లో చెట్టుచేమలు నశిస్తే కొట్టుకువచ్చే మట్టి సరస్సు అడుగున పేరుకుంటుంది. సూళ్లూరుపేట నుండి శ్రీహరికోటకు వెళ్ళే దారి సరస్సు మీదుగా కట్ట వలె సాగుతూ ఉత్తర భాగంలో నీటి కదలికను కొంత అడ్డుకుంటున్నది. ఇలా అనేక కారణాలు కలిసి ఆంధ్ర వైపు సరస్సును క్రమంగా మెట్టచేస్తున్నాయి. ముఖద్వారాల్లో పూడిక తీయాలన్నది మత్స్యకారుల చిరకాలపు కోరిక. అయితే పూడిక తీత ఒక్కసారితో తీరే పని కాదు. ఇసుక కదలిక ఆగదు కనుక, ఎగువ నుండి వరద రాక, తీరం వద్ద క్రమబద్ధమైన నిర్వహణ రెండూ ఉంటేనే తెరచిన దారి నిలుస్తుంది. చిలికాలో 2000 సంవత్సరంలో కొత్త ముఖద్వారం తెరచిన తరువాత లవణీయత, చేపల దిగుబడి మెరుగుపడిన అనుభవం ఈ సందర్భంలో పరిశీలించదగినది.

నేలలు, భూగర్భ జలం, దొరువులు

సరస్సు అంచు గ్రామాల్లో సాగునీటికి భూగర్భ జలమే ప్రధాన ఆధారం. ఇసుక పొరల్లో వాననీరు ఇంకి, అడుగున ఉన్న ఉప్పునీటిపై పలుచని తెట్టు వలె తేలుతూ ఉంటుంది. మంచినీటి సాంద్రత తక్కువ కావడమే ఇందుకు కారణం. సముద్రమట్టం కంటె మంచినీటి మట్టం ఒక మీటరు ఎత్తున ఉంటే, దాని అడుగున సుమారు 40 మీటర్ల లోతు వరకు మంచినీరు నిలుస్తుందని గైబెన్ – హెర్జ్‌బెర్గ్ సూత్రం చెబుతుంది. దీనినే తిరగవేసి చూస్తే ప్రమాదం అర్థమవుతుంది. బోరు వేసి నీటిమట్టాన్ని 10 సెంటీమీటర్లు తగ్గిస్తే, కింది ఉప్పునీరు క్రమంగా 4 మీటర్ల మేర పైకి లేవగలదు. లోతుకు వెళ్ళేకొద్దీ మంచి నీరు దొరుకుతుందన్న మెట్టప్రాంతపు అనుభవం ఇక్కడ చెల్లదు.

తీరప్రాంత రైతుల సంప్రదాయ జ్ఞానం ఈ సూత్రాన్ని అనుసరించే ఏర్పడినది. ఇసుక నేలల్లో గరాటు ఆకారంలో లోతు తక్కువ గుంట తవ్వి, ఊరిన నీటిని కుండలతో తోడి నారుమళ్ళకు, కూరగాయలకు పోసేవారు. దీనినే దొరువు అంటారు. రాయదొరువు వంటి ఊరి పేర్లలోనూ ఈ మాట నిలిచి ఉన్నది. దొరువు పైపొర నీటినే తీసుకుంటుంది గనుక అడుగు ఉప్పునీరు కదలదు. గుంట ఎక్కువ నేలను ఆక్రమించడం, గట్లు జారిపోవడం, కూలి ఖర్చు దీనిలోని లోపాలు. వీటిని సవరించి బాపట్లలోని ఉప్పునీటి పరిశోధనా విభాగం మెరుగుపరచిన దొరువు పద్ధతిని రూపొందించింది. భూమిలో అడ్డంగా రంధ్రాల గొట్టాలను పరచి, వాటిలోకి ఊరిన నీటిని మధ్యనున్న బావిలోకి చేర్చి, చిన్న మోటారుతో తోడుకోవడం ఇందులోని విధానం. పైపొర నీటిని నెమ్మదిగా, విశాలమైన మేర నుండి గ్రహించడం వల్ల ఉప్పు పైకి లేవదు.

నీటి నాణ్యతను లెక్కించకుండా నీరు పెట్టడం వల్ల కలిగే నష్టాన్ని మరొక లెక్క చూపుతుంది. విద్యుద్వాహకత 2 డెసీసైమన్లు ఉన్న నీటిలో లీటరుకు సుమారు 1.28 గ్రాముల లవణాలుంటాయి. ఆ నీటిని పంటకాలంలో మొత్తం 50 సెంటీమీటర్ల లోతున పెడితే హెక్టారుకు సుమారు 6.4 టన్నుల లవణం పొలంలో చేరుతుంది. వాన కడిగివేస్తేనో, మురుగు కాలువ ద్వారా బయటకు పోతేనో తప్ప ఆ ఉప్పు అక్కడే ఉంటుంది. సరస్సు అంచు పొలాలకు మురుగు పారుదల సౌకర్యం తక్కువ. పల్లం ఎటు ఉన్నదో సరస్సూ అటే ఉన్నది. సరస్సు నిండుగా ఉన్న కాలంలో పొలం నీరు దిగదు.

పంటల సరళి

వానలు అక్టోబరులో మొదలవుతాయి గనుక ఈ ప్రాంతంలో ప్రధానమైన వరి పంట రబీలో వస్తుంది. అక్టోబరు, నవంబరు నెలల్లో నాట్లు, ఫిబ్రవరి, మార్చి నెలల్లో కోతలు జరుగుతాయి. నీటి వసతి ఉన్నచోట వేసవిలో వేసే పంటను నెల్లూరు రైతులు ఎడగారు అంటారు. నెల్లూరు మొలగొలుకులు ఒకప్పుడు మద్రాసు బజారులో పేరుపొందిన బియ్యం. తరువాతి కాలంలో నెల్లూరు వ్యవసాయ పరిశోధనా స్థానం విడుదల చేసిన నెల్లూరు మసూరి (ఎన్.ఎల్.ఆర్. 34449) వంటి రకాలు విస్తరించాయి. మెరకల్లో వేరుశనగ, తోటల్లో మామిడి, ఇసుక భూముల్లో సరుగుడు, జామాయిల్ కనిపిస్తాయి. బీడు పడిన చవిటి భూములను సర్కారు తుమ్మ ఆక్రమిస్తున్నది.

వరి లవణాన్ని అన్ని దశల్లో ఒకే విధంగా తట్టుకోలేదు. మొలక దశలో కొంత ఓర్చుకుంటుంది. లేత నారు దశలో, మళ్ళీ పూత దశలో సులభంగా దెబ్బతింటుంది. నేల విద్యుద్వాహకత 3 డెసీసైమన్లు దాటిన తరువాత, ప్రతి ఒక్క డెసీసైమన్ పెరుగుదలకు దిగుబడి సుమారు 12 శాతం తగ్గుతుందని సాధారణ అంచనా. ఆ లెక్కన 6 డెసీసైమన్ల వద్ద మూడవ వంతుకు పైగా పంట పోతుంది. నాట్లు ఆలస్యమైతే పూత దశ ఫిబ్రవరి చివరి ఎండల్లోకి, అంటే ఉప్పు పైకి లేచే కాలంలోకి జరుగుతుంది. అందువల్ల ఈ ప్రాంతంలో నాటు తేదీ కూడా ఒక చవుడు నివారణ చర్యే.

మత్స్య సంపద – పాడు పద్ధతి

టైగరు రొయ్య, తెల్ల రొయ్య, మండపీత, పండుగప్ప, పాలబొంత, మల్లెట్ జాతి చేపలు పులికాట్ వేటలో ముఖ్యమైనవి. వీటిలో చాలా వాటి జీవితచక్రం సముద్రానికి, సరస్సుకు మధ్య సాగుతుంది. రొయ్య సముద్రంలో గుడ్లు పెడుతుంది. పిల్లలు పోటుతో సరస్సులోకి వచ్చి, ఆహారం సమృద్ధిగా ఉన్న లోతులేని నీటిలో పెరిగి, తిరిగి సముద్రానికి పోతాయి. మండపీత కూడా గుడ్లు విడవడానికి సముద్రం వైపు పోతుంది. ముఖద్వారం మూసుకుపోతే లోపలికి రావలసిన పిల్ల రాదు, బయటకు పోవలసిన తల్లి పోదు. ఎంత వల ఉన్నా వేటకు సరుకు లేకపోవడానికి ఇదే కారణం.

సరస్సులో వేట హక్కులను పంచుకోవడానికి మత్స్యకారులు ఏర్పరచుకున్న సంప్రదాయ పద్ధతి పాడు. ముఖద్వారానికి దగ్గరగా ఉన్న చోట్ల రొయ్య ఎక్కువ, దూరాన తక్కువ. మంచి చోటు ఎప్పుడూ ఒకరికే దక్కకుండా, గ్రామసభలో చీట్లు వేసి వంతులవారీగా వేటస్థలాలను కేటాయిస్తారు. సరస్సు దక్షిణ భాగపు గ్రామాల్లో ఈ పద్ధతిని పరిశోధకులు విస్తృతంగా నమోదు చేశారు. శ్రీలంకలోని నెగొంబో కయ్యలో కూడా కట్టువలల స్థలాలను చీట్ల ద్వారా పంచుకునే ఆచారం ఉన్నది. ఒకే విధమైన ప్రకృతి, సముద్రానికి ఇరువైపులా ఒకే విధమైన న్యాయసూత్రాన్ని పుట్టించింది.

పాడులో అందరికీ చోటు లేదు. సభ్యత్వం కులాన్ని, గ్రామాన్ని బట్టి వస్తుంది. పట్టపు కులస్థులు పడవ, వలలతో వేటాడగా, యానాది స్త్రీలు, పురుషులు మోకాలిలోతు నీటిలో చేతితో తడిమి రొయ్యలను, పీతలను పట్టుకుంటారు. రాష్ట్రాల సరిహద్దు సరస్సు మధ్యగా పోవడం వల్ల ఇరువైపుల మత్స్యకారుల మధ్య వేటస్థలాల విషయమై తగాదాలు తలెత్తుతుంటాయి. నీరు తగ్గిన సంవత్సరాల్లో ఇవి పెరగడం సహజం.

రొయ్యల సాగు నేర్పిన పాఠం

1990 దశకం ఆరంభంలో నెల్లూరు తీరం రొయ్యల సాగుకు పెట్టింది పేరు. తీరం వెంబడి టైగరు రొయ్యల చెరువులు వెలిశాయి. 1994 – 95లో తెల్లమచ్చల వైరస్ వ్యాధి ప్రబలి పెట్టుబడులు తుడిచిపెట్టుకుపోయాయి. చెరువుల నుండి ఊరిన ఉప్పు పక్క పొలాలకు, తాగునీటి బావులకు చేరుతున్నదన్న ఆందోళన దేశమంతటా వ్యక్తమైంది. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు ఎస్. జగన్నాథ్ కేసులో ఇచ్చిన తీర్పు చిలికా, పులికాట్ సరస్సులకు 1,000 మీటర్ల లోపల రొయ్యల పరిశ్రమను నిషేధిస్తూ, ఈ రెండు సరస్సులను పేరు పెట్టి పేర్కొన్నది. తరువాత 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ ప్రాధికార సంస్థ చట్టం వచ్చింది. 2009 నుండి వనామి రొయ్య ప్రవేశంతో సాగు మళ్ళీ పుంజుకున్నది.

ఈ చరిత్ర నుండి గ్రహించవలసినది ఒకటున్నది. ఒక రైతు లాభం కోసం నిలవ చేసిన ఉప్పునీరు గట్టు దాటి మరొక రైతు పొలంలోకి ఊరుతుంది. పంట ఎంపిక వ్యక్తిగత నిర్ణయమైనా, దాని ఫలితం ఇక్కడ ఊరుమ్మడి అవుతుంది.

చరిత్ర, భాష, విశ్వాసాలు

ఈ సరస్సుకు తెలుగులో ప్రళయకావేరి అన్న పాత పేరు ఉన్నది. స. వెం. రమేశ్ రచించిన ‘ప్రళయకావేరి కథలు’ ఈ దీవుల, ఒడ్డు గ్రామాల జీవితాన్ని ఇక్కడి మాండలికంలోనే నమోదు చేసిన గ్రంథం. పంటలు, పక్షులు, గాలులు, వంటకాలకు సంబంధించిన స్థానిక పదజాలం కోసం విస్తరణ విద్యార్థులు దీనిని చదవడం ప్రయోజనకరం.

పదిహేడవ శతాబ్దిలో ఈ తీరం అంతర్జాతీయ వాణిజ్యానికి కేంద్రం. డచ్చివారు 1613లో పులికాట్‌లో గెల్డ్రియా కోటను నిర్మించి, 1690లో నాగపట్నానికి మారేవరకు కోరమాండల్ వ్యాపారాన్ని ఇక్కడినుండే నడిపారు. ఆంగ్లేయులు 1626లో దుగరాజపట్నం (ఆర్మగాన్) వద్ద వర్తకస్థావరం నెలకొల్పారు. మద్రాసు స్థాపన దాని తరువాతి మాట. పందొమ్మిదవ శతాబ్దిలో బకింగ్‌హాం కాలువ ఈ ప్రాంతాన్ని మద్రాసు నగరంతో ముడివేసింది. శ్రీహరికోట అడవుల వంటచెరకు పడవల మీద మద్రాసుకు చేరేది. తీరపు గుల్లలను కాల్చి తీసిన సున్నం కూడా ఇళ్ళ కట్టడానికి వాడుకలో ఉండేది.

సరిహద్దు ప్రాంతం కావడంతో తెలుగు, తమిళం రెండూ ఇక్కడ ఇంటిభాషలే. పటాస్కర్ సిఫార్సుల మేరకు 1960 ఏప్రిల్ 1న సరిహద్దులు సవరించినపుడు తిరుత్తణి ప్రాంతం మద్రాసు రాష్ట్రానికి, సత్యవేడు ప్రాంతం ఆంధ్రప్రదేశ్‌కు వెళ్ళాయి. గీత మారినా పెళ్ళి సంబంధాలు, సంతలు, తిరునాళ్ళు గీతకు అటూ ఇటూ సాగుతూనే ఉన్నాయి. సూళ్లూరుపేటలో కాళంగి ఒడ్డున వెలసిన చెంగాళమ్మ ఈ ప్రాంతపు గ్రామదేవత. రాకెట్ ప్రయోగానికి ముందు శాస్త్రవేత్తలు కూడా ఆమెను దర్శించడం ఆనవాయితీ. వేనాడు దర్గా గంధమహోత్సవానికి మతభేదం లేకుండా జనం తరలివస్తారు.

యానాదులు ఈ తీరపు ఆదిమ నివాసులు. శ్రీహరికోట అడవిలో వేట, తేనె, దుంపలు, వనమూలికలతో జీవించిన వీరికి, రాకెట్ కేంద్రం రావడంతో అడవితో ఉన్న అనుబంధం చాలావరకు తెగిపోయింది. వరి పొలాల్లో ఎలుకలను పట్టడంలో వీరి నేర్పు ప్రసిద్ధం. మందు పెట్టకుండా, బొరియ తీరు చూసి ఎలుక ఉనికిని కనిపెట్టే ఈ విద్యను సమగ్ర సస్యరక్షణలో భాగంగా గుర్తించి, తగిన కూలి కల్పించడం రైతుకు, యానాదికి ఉభయతారకం.

మారుతున్న జీవనోపాధులు

శ్రీహరికోట అంతరిక్ష కేంద్రం నుండి 1971లో ప్రయోగాలు మొదలయ్యాయి. 2002లో దానికి సతీశ్ ధవన్ పేరు పెట్టారు. 2008లో తడకు పడమట శ్రీసిటీ పారిశ్రామిక కేంద్రం ఆరంభమైనది. వాహనాలు, ఆహారపదార్థాలు, ఎలక్ట్రానిక్ పరికరాల కర్మాగారాలు అక్కడ వెలిశాయి. చుట్టుపక్కల గ్రామాల యువతీయువకులు కర్మాగారాల బస్సుల్లో పనికి వెళ్తున్నారు. మరికొందరు లోకల్ రైలులో చెన్నై వైపు పోతున్నారు. నెలజీతం ఇంటికి స్థిరత్వం తెచ్చింది. అదే సమయంలో నాట్లకు, కోతలకు కూలీల కొరత ఏర్పడి, యంత్రాల వాడకం పెరిగింది. భూమి ధర పెరగడంతో సాగుకంటె అమ్మకమే లాభమన్న ఆలోచన బలపడుతున్నది. సేద్యంలో మిగిలినవారిలో వయసు మళ్ళినవారు, కౌలుదారులు ఎక్కువ కావడం విస్తరణ కార్యక్రమాలు గమనించవలసిన మార్పు. కౌలుదారు ఏడాదికోసారి మారే పొలంలో చవుడు నివారణ వంటి దీర్ఘకాలిక పెట్టుబడికి ఎవరూ ముందుకు రారు.

పక్షులు, పొలాలు

పులికాట్ ఆంధ్ర భాగాన్ని 1976లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. అక్టోబరు నుండి మార్చి వరకు రాజహంసలు (ఫ్లెమింగోలు) ఇక్కడి లోతులేని నీటిలో నాచు, సూక్ష్మజీవులను వడగట్టి తింటాయి. దొరవారిసత్రం మండలంలోని నేలపట్టు చెరువులో కడప చెట్లపై గూడబాతులు గూళ్ళు కట్టి పిల్లలను పెంచుతాయి. మేతకు పులికాట్‌కు వచ్చిపోతుంటాయి. పక్షుల రెట్ట కలిసిన చెరువు నీరు పైరుకు సత్తువ అని ఆయకట్టు రైతుల నమ్మకం. సరస్సు మరీ నిండినా, మరీ ఎండినా రాజహంస నిలవదు. ఆ విధంగా పక్షి రాక నీటి స్థితికి సూచిక. ఏటి మేతలో మార్పు వస్తే వేటలోనూ మార్పు ఉన్నదని మత్స్యకారులు పసిగడతారు.

విస్తరణ శాస్త్రవేత్తలకు సూచనలు

1. చవిటి నేలలన్నిటికీ ఒకే మందు లేదు. విద్యుద్వాహకత 4 డెసీసైమన్లకు మించి, ఉదజని సూచిక 8.5 లోపు ఉన్న పాల చౌడుకు మంచినీటితో ఉప్పును కడిగివేయడమే మార్గం. ఉదజని సూచిక 8.5 దాటి, మార్పిడి సోడియం 15 శాతానికి మించిన కారు చౌడుకే జిప్సం అవసరం. పరీక్ష లేకుండా జిప్సం సిఫార్సు చేస్తే రైతు డబ్బు వృథా అవుతుంది.

2. నేల నమూనాను ఒక్కసారి తీసి ఊరుకోరాదు. వాన తరువాత జనవరిలో, వేసవి చివరన మే నెలలో రెండుసార్లు పరీక్షిస్తేనే ఉప్పు కదలిక తెలుస్తుంది. బావి నీటికి కూడా ఇది వర్తిస్తుంది.

3. తొలివానను గట్టు కట్టి పొలంలో నిలిపి, ఉప్పును కరగించి, ఆ నీటిని వెలుపలికి వదలిన తరువాతే దమ్ము చేయాలి. పచ్చిరొట్టగా జీలుగ చవుడును తట్టుకొని పెరుగుతుంది. దానిని పూత దశలో కలియదున్నాలి.

4. చవుడు పొలాల్లో ముదురు నారు, కుదురుకు మొక్కల సంఖ్య పెంచి, దగ్గరగా నాటడం మేలు. మచిలీపట్నం పరిశోధనా స్థానం రూపొందించిన ఎం.సి.ఎం. 100, ఎం.సి.ఎం. 103 వంటి చవుడును తట్టుకునే రకాలను రైతుల పొలాల్లోనే పోల్చి చూపాలి.

5. ఇసుక భూముల్లో లోతు బోర్లను ప్రోత్సహించరాదు. మెరుగుపరచిన దొరువుతో పాటు తుంపర, బిందు సేద్యం జోడించి, తక్కువ నీటితో కూరగాయలు పండించే నమూనాలను ప్రదర్శించాలి.

6. ఉప్పు కలిసిన కుంటల్లో పండుగప్ప, మండపీత పెంపకం వంటివి నిబంధనలకు లోబడి మాత్రమే చేపట్టాలి. చెన్నైలోని కేంద్రీయ ఉప్పునీటి ఆక్వాకల్చర్ సంస్థ 1997లోనే పండుగప్ప పిల్లల ఉత్పత్తిని సాధించింది. ఆ పరిజ్ఞానం చేరువలోనే ఉన్నందున దానిని యానాది, మత్స్యకార మహిళా సంఘాలకు చేర్చవచ్చు.

7. వ్యవసాయ, మత్స్య, అటవీ, జలవనరుల శాఖల సిబ్బంది ఏటా జనవరిలో ఒకసారి కలిసి, ఆ ఏటి వరద, ముఖద్వారం స్థితి, బావి నీటి లవణీయతలను ఒకేచోట నమోదు చేయడం అవసరం. ఈ నమోదులో రైతులను, మత్స్యకారులను భాగస్వాములను చేయాలి.

ముగింపు

తడ ప్రాంతం ఒక చిన్న మండలమైనా, ఉష్ణమండల తీరాల సమస్యలన్నీ ఇక్కడ దగ్గర దగ్గరగా కనిపిస్తాయి. ఎగువన నిలిచిన వాననీరు దిగువన ముఖద్వారాన్ని మూస్తుంది. మూసుకున్న ముఖద్వారం రొయ్యపిల్లను ఆపుతుంది, సరస్సును ఉప్పుబయలుగా మారుస్తుంది. ఆ ఉప్పు ఒడ్డు పొలానికి, బావికి చేరుతుంది. పొలం, వేట రెండూ దెబ్బతిన్న ఇంటివారు కర్మాగారం వైపో, నగరం వైపో నడుస్తారు. వారు వెళ్ళడం తప్పుకాదు. అయితే అది వారి ఎంపికగా జరగాలే తప్ప, నీరు చెడి మరో దారి లేక జరగరాదు. వరి రకం, రొయ్య జాతి, కట్ట, కాలువ ఏది సిఫార్సు చేసినా, అది సరస్సు నీటిని ఏ విధంగా కదిలిస్తుందో ముందుగా ప్రశ్నించుకోవడం ఈ తీరంలో పనిచేసే ప్రతి విస్తరణ శాస్త్రవేత్తకు తొలి కర్తవ్యం.